పిల్ల మీ ఇంట్లో పెరుగుతోందా? అయితే కోర్టు ఉత్తర్వు తీసుకోండి

మన దగ్గర పిల్లలు బంధువుల ఇళ్లలో పెరగడం కొత్తేమీ కాదు. తల్లి పోతే అమ్మమ్మ తెచ్చుకుంటుంది. తండ్రి తాగుడికి బానిసైతే మేనమామ వచ్చి తీసుకెళ్తాడు. పిల్లలు లేని పెద్దమ్మ దగ్గర చెల్లెలి మూడో బిడ్డ పెరుగుతాడు. మా కోనసీమలోనూ, అటు రాజంపేట, రాయచోటి వైపూ తల్లులు కువైట్‌కి ఇంటిపనికి వెళ్తారు. జగిత్యాల, నిజామాబాద్ వైపు తండ్రులు దుబాయ్ వెళ్తారు. పిల్లలు అమ్మమ్మ దగ్గరో నాన్నమ్మ దగ్గరో ఉండిపోతారు. ఇన్ని ఇళ్లలో ఇది జరుగుతున్నా కోర్టు దాకా వెళ్లి గార్డియన్‌గా, అంటే పిల్లకు చట్టపరమైన సంరక్షకులుగా ఉత్తర్వు తెచ్చుకున్న కుటుంబాలు నాకు తెలిసి చాలా తక్కువ. ఎవరిని అడిగినా ఒకటే మాట: "మనవాళ్లే కదా, కాగితాలెందుకు?"

ఈ మాట తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను. మనవాళ్లే కాబట్టే కాగితం కావాలి. పరాయివాళ్ల మధ్య ఎలాగూ అందరూ జాగ్రత్తగానే ఉంటారు.

మా అక్క క్యాన్సర్‌తో పోయేనాటికి దాని కూతురు ఇంకా బడికి వెళ్లడం మొదలుపెట్టలేదు. బావ మస్కట్‌లో ఏసీ మెకానిక్. దినాలు అయ్యాక సెలవు అయిపోయి వెళ్లిపోవాల్సి వచ్చింది. వెళ్తూ వెళ్తూ "పిల్ల నీ దగ్గరే ఉంటే నాకు దిగులుండదు" అన్నాడు నాతో. నాకూ వేరే ఆలోచన లేదు. నా కూతురితో పాటే దాన్నీ బడిలో వేశాం. నన్ను పిన్ని అని పిలుస్తుంది, అమ్మ ఫొటోకి రోజూ దండం పెట్టుకుంటుంది. అంతా సవ్యంగానే సాగింది. అంటే, ఎవరూ ఏమీ అడగనంత వరకూ సాగింది.

ఒక రాత్రి దానికి విపరీతమైన కడుపునొప్పి వచ్చింది. అపెండిక్స్, వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు ఆసుపత్రిలో. సమ్మతి పత్రం మీద సంతకం పెట్టబోతే "మీరు పాపకి ఏమవుతారు?" అని అడిగారు. పిన్నిని అన్నాను. "తల్లిదండ్రులు గానీ గార్డియన్ గానీ పెట్టాలమ్మా" అన్నారు. బావకి ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్నాడు, ఎత్తలేదు. చివరికి డాక్టరుగారే బాధ్యత తీసుకుని నా సంతకంతో కానిచ్చారు. ఆపరేషన్ బాగానే అయింది. ఆ డాక్టరుగారికి ఎంత కృతజ్ఞతగా ఉన్నా, పిల్ల ప్రాణం ఒకరి మంచితనం మీద ఆధారపడి ఉందన్న సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ ప్రశ్న అడిగిన వాళ్ల తప్పేమీ లేదు. చట్టం ప్రకారం నేను ఆ పిల్లకు ఏమీ కాను.

ఇది చాలామందికి మింగుడుపడదు. రోజూ అన్నం పెట్టి, జడ వేసి, హోంవర్క్ చేయించే మనిషి ఏమీ కాకపోవడమేంటి అంటారు. కానీ హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం, 1956లో 6వ సెక్షన్ సహజ సంరక్షకులుగా చెప్పింది తండ్రిని, ఆయన తర్వాత తల్లిని. 1999లో సుప్రీంకోర్టు గీతా హరిహరన్ కేసులో ఆ "తర్వాత" అనే మాటకు తండ్రి చనిపోయాకనే అని అర్థం తీయక్కర్లేదని, తండ్రి పట్టించుకోనప్పుడు, అందుబాటులో లేనప్పుడు కూడా తల్లే సంరక్షకురాలవుతుందని చెప్పింది. అంత వెసులుబాటు వచ్చింది తల్లికి మాత్రమే. అమ్మమ్మ, తాత, పిన్ని, మేనమామ ఆ జాబితాలో లేరు. ఏళ్ల తరబడి పెంచినా సరే, వీలునామాలో పేరు రాసి ఉంటే తప్ప, కోర్టు నియమించనిదే వాళ్లు గార్డియన్లు కారు.

ఇక్కడే మన ఊళ్లలో బాగా అలవాటైన ఒక పొరపాటు గురించి చెప్పాలి. వంద రూపాయల స్టాంపు పేపరు కొని, "నా కుమార్తెను నా మరదలికి పెంచుకొనుటకు ఇష్టపూర్వకంగా ఇచ్చుచున్నాను" అని రాయించి, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించి, నోటరీ ముద్ర వేయించి బీరువాలో దాచుకోవడం. మా పెద్దనాన్న మాకూ అదే సలహా ఇచ్చారు. నోటరీ ముద్ర చెప్పేది, ఆ మనిషే వచ్చి సంతకం చేశాడని మాత్రమే. దాంతో పిల్ల మీద హక్కూ రాదు, బాధ్యతా మారదు. బడిలో జాలిపడి ఒప్పుకుంటే ఒప్పుకోవచ్చు. పాస్‌పోర్టు దగ్గరా, ఆస్తి దగ్గరా, తగాదా వచ్చిన రోజున కోర్టులోనూ అది నిలబడదు. పైగా డబ్బు చేతులు మారినట్టు ఆ కాగితంలో ఎక్కడన్నా ఉంటే పిల్లను అమ్మిన నేరం మెడకు చుట్టుకుంటుంది. జువెనైల్ జస్టిస్ చట్టం, 2015లో 81వ సెక్షన్ కింద దానికి ఐదేళ్ల వరకు, పిల్లను తమ దగ్గర ఉంచుకున్నవాళ్లే అమ్మితే ఏడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది.

మరి చట్టబద్ధంగా ఏం చేయొచ్చు? దత్తత ఒక దారి, గార్డియన్‌షిప్ ఇంకో దారి. మా ఇంట్లో అందరూ మొదట అన్నది దత్తతే. "రాసేసుకో, గొడవ వదిలిపోతుంది" అంది మా అమ్మ. కానీ హిందూ దత్తత చట్టం, 1956 ప్రకారం అప్పటికే కూతురున్నవాళ్లు ఇంకో ఆడపిల్లను దత్తత తీసుకోవడానికి లేదు. కొడుకున్నవాళ్లకు మగపిల్లాడి విషయంలో అదే నియమం. నాకు కూతురుంది కాబట్టి ఆ తలుపు మూసుకుపోయింది. జువెనైల్ జస్టిస్ చట్టం కింద బంధువుల దత్తతకు వేరే దారి ఉంది. పిన్ని, మేనత్త, బాబాయి, మేనమామ, అటు ఇటు తాతా నాన్నమ్మ అమ్మమ్మలు ఆ చట్టం చెప్పే బంధువుల్లోకి వస్తారు. దత్తతల వ్యవహారం చూసే కేంద్ర సంస్థ కారా పోర్టల్‌లో నమోదు చేసుకుని, జిల్లా బాలల పరిరక్షణ విభాగం ద్వారా వెళ్తే, 2022 సెప్టెంబరు నుంచి కలెక్టరే దత్తత ఉత్తర్వు ఇస్తున్నారు. ముస్లింలకు, క్రైస్తవులకు కూడా ఈ దారి ఉంది.

అయినా మేం అటు వెళ్లలేదు. దత్తత అంటే పుట్టింటితో చట్టబద్ధమైన బంధం తెగిపోవడం. ఆ రోజు నుంచి కాగితాల్లో తల్లి పేరు నాది, తండ్రి పేరు మా ఆయనది అవుతుంది. ఒకసారి సక్రమంగా జరిగిన దత్తతను వెనక్కి తీసుకోవడం కూడా కుదరదు. మా అక్క ఆ పిల్లని కని, జబ్బుతో మంచాన పడ్డాక కూడా దానికి పలక మీద అక్షరాలు దిద్దించింది. రికార్డుల్లోంచి దాని పేరు తీసేయడానికి నాకు చేతులు రాలేదు. బావ కూడా ఉన్నాడు, పిల్లంటే ప్రాణం. దూరంగా ఉండటం అతని బతుకుతెరువు. అంతమాత్రాన తండ్రి కాకుండా పోడు. పిల్లలు లేని దంపతులకు, తల్లీ తండ్రీ ఇద్దరూ పోయిన బిడ్డకు దత్తత చాలా మంచిది కావచ్చు. తండ్రో తల్లో ఉండి పెంచలేని పరిస్థితిలో ఉంటే మాత్రం గార్డియన్‌షిప్పే సరైనదని నా గట్టి అభిప్రాయం. పిల్ల ఎవరి బిడ్డగా పుట్టిందో అలాగే ఉంటుంది. రోజువారీ బాధ్యత, నిర్ణయాలు మాత్రం పెంచుతున్నవాళ్లకు వస్తాయి.

ఈ పని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద జరుగుతుంది. మతంతో సంబంధం లేకుండా అందరూ వేయొచ్చు. పిల్ల మామూలుగా ఎక్కడ ఉంటోందో ఆ ఊరిమీద అధికారమున్న జిల్లా కోర్టులోనో, ఫ్యామిలీ కోర్టు ఉంటే అక్కడో పిటిషన్ వేయాలి. వకీళ్లు దీన్ని జీడబ్ల్యూఓపీ అంటారు. పిల్ల పుట్టినతేదీ సర్టిఫికెట్, అక్క మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, ఆధార్లు జతచేశాం. పిల్లకున్న దగ్గరి బంధువులు ఎవరు, ఎక్కడుంటున్నారు, పిల్ల పేర ఆస్తి ఏముంది అన్నీ రాయాలి. గార్డియన్‌గా ఉండటానికి నాకు ఇష్టమే అని సంతకం పెట్టి, దాన్ని కనీసం ఇద్దరు సాక్షులతో ధ్రువీకరించాలి. ఈ చివరి నియమం నాకెంతో నచ్చింది. ఎవరి నెత్తినా పిల్లను బలవంతంగా రుద్దకూడదని వందేళ్ల కిందటే ఆలోచించిన వాళ్లున్నారు.

మా కేసులో అసలు చిక్కు బావ బతికి ఉండటం. వినడానికి కటువుగా ఉన్నా చట్టం మాట అదే. తండ్రి గానీ తల్లి గానీ బతికి ఉండి, వాళ్లు అనర్హులని కోర్టు అనుకోనప్పుడు ఇంకొకరిని గార్డియన్‌గా వేయకూడదని 19వ సెక్షన్ అంటుంది. అందుకే "అందరం ఒప్పుకున్నాం కదా, సంతకం పెట్టేస్తారు" అనుకుని వెళ్లకూడదు. పెద్దలు ఒప్పుకున్నా జడ్జి కాదనొచ్చు. బావ మస్కట్‌లో రాయబార కార్యాలయంలో అఫిడవిట్ ధ్రువీకరించి పంపాడు. ఉద్యోగరీత్యా పిల్లతో ఉండలేకపోవడం, మళ్లీ పెళ్లి చేసుకోవడం, పిల్ల ఇన్నేళ్లుగా మా దగ్గరే చదువుకోవడం అన్నీ అందులో రాశాడు. సెలవుకి వచ్చినప్పుడు స్వయంగా వాయిదాకి హాజరయ్యాడు. జడ్జిగారు అతన్ని చాలాసేపు ప్రశ్నించారు. ఎవరైనా ఒత్తిడి చేశారా, కొత్త సంసారం కోసం పిల్లను వదిలించుకుంటున్నావా అని సూటిగానే అడిగారు. బావ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అక్కడ నిలబడి అదంతా వినడం నాకు కష్టమే అనిపించింది. కానీ అలా అడగడమే న్యాయం. ఆ పిల్ల తరఫున అడిగేవాళ్లు ఇంకెవరున్నారు?

తర్వాత పిల్లను చాంబర్‌లోకి పిలిచారు. మమ్మల్ని బయటే ఉండమన్నారు. తన ఇష్టం చెప్పగల వయసుంటే పిల్ల మాటను కోర్టు పరిగణనలోకి తీసుకోవచ్చని 17వ సెక్షన్‌లో ఉంది. లోపల ఏం మాట్లాడారో మేం దాన్ని అడగలేదు, అదీ చెప్పలేదు. ఉత్తర్వులో నన్ను గార్డియన్‌గా నియమించారు. సెలవులకు వచ్చినప్పుడు బావ పిల్లను తీసుకెళ్లొచ్చని, ఫోన్‌లో మాట్లాడటానికి అడ్డు చెప్పకూడదని కూడా రాశారు. ఇప్పుడు బడిలో గానీ ఆసుపత్రిలో గానీ ఎవరేమడిగినా ఆ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ చూపిస్తే చాలు.

బంధువుల సంగతి వేరే. "బావని కోర్టుకీడుస్తావా?" అన్నారు. "అక్క ఆస్తి కోసమే ఇదంతా" అని కూడా ఒకరన్నారు. దానికి జవాబు చట్టంలోనే ఉంది. అక్క పేరున ఉన్న చిన్న కొబ్బరితోటలో పిల్లకు వాటా ఉంది, కొంత ఇన్సూరెన్సు డబ్బూ ఉంది. గార్డియన్‌షిప్ లేకుండా ఉన్నన్నాళ్లూ ఆ తోట దింపు డబ్బులు ఎవరు తీసుకున్నారో, ఎంత వచ్చిందో అడిగే నాథుడు లేడు. పిల్ల ఆస్తికి కోర్టు గార్డియన్‌ను వేశాక, అనుమతి లేకుండా దాన్ని అమ్మడానికి వీల్లేదు, తాకట్టు పెట్టడానికి వీల్లేదు, ఐదేళ్లకు మించి కౌలుకి ఇవ్వడానికీ వీల్లేదు. తండ్రైనా సరే, మైనర్ స్థిరాస్తి అమ్మాలంటే కోర్టు అనుమతి తెచ్చుకోవాల్సిందే. ఇన్సూరెన్సు డబ్బు పిల్ల పేర బ్యాంకులో డిపాజిట్ చేయించారు. పద్దెనిమిదేళ్లు నిండేవరకు ముట్టుకోవడానికి లేదు. నిజంగా ఆస్తి మీద కన్నున్నవాళ్లు కోర్టుకి వెళ్లరు, నోటరీ దగ్గరే ఆగిపోతారు.

ఇంతవరకు పెంచేవాళ్ల వైపు నుంచి మాట్లాడాను. మా వైపు నుంచి వినాల్సిన కటువైన మాట కూడా ఒకటుంది. పిల్లను పెంచినంత మాత్రాన పిల్ల మనదైపోదు. 2019లో సుప్రీంకోర్టుకు వచ్చిన ఒక కేసులో తల్లి క్యాన్సర్‌తో చనిపోయింది, తండ్రి కూడా ఆ సమయంలో జబ్బుతో ఉన్నాడు, పసిబిడ్డను తల్లి అక్కచెల్లెళ్లు పెంచారు. తండ్రి కోలుకుని బిడ్డను అడిగితే ఇవ్వలేదు. కోర్టు బిడ్డను తండ్రికే అప్పగించింది, పిన్నులకు చూసి వచ్చే వీలు కల్పించింది. ఆ తీర్పు గురించి చదివినప్పుడు నా కడుపులో దేవినట్టయింది, మా కథకు అంత దగ్గరగా ఉంది. అయినా ఆ తీర్పు సరైనదే అనుకుంటున్నాను. కష్టకాలంలో బిడ్డను బంధువు చేతిలో పెడితే అది శాశ్వతంగా పోగొట్టుకోవడమే అయితే, ఇంకే తండ్రీ సాయం అడగడు.

అలాగని కోర్టులు ప్రతిసారీ తండ్రికే ఇస్తాయనీ కాదు. 2024 సెప్టెంబరులో మధ్యప్రదేశ్ కేసొకటి వచ్చింది. తల్లి చనిపోయాక పదకొండు నెలల వయసు నుంచి ఒక చిన్నారి తల్లివైపు బంధువుల దగ్గర పెరుగుతోంది. ఆ పాపను తండ్రికి ఇచ్చేయమన్న హైకోర్టు ఉత్తర్వును సుప్రీంకోర్టు పక్కన పెట్టింది. పిల్ల మనసుకు ఏమవుతుందో చూడకుండా ఆమెను చరాస్తిలా ఒక చోటి నుంచి మరో చోటికి మార్చలేమని, 1890 చట్టం కింద పూర్తి విచారణ జరగాల్సిన విషయమిదని చెప్పింది. 2022లో కోవిడ్‌తో తల్లిదండ్రులిద్దర్నీ పోగొట్టుకున్న ఒక అహ్మదాబాద్ బాబు విషయంలో హైకోర్టు తల్లి తోబుట్టువు, ప్రభుత్వోద్యోగం ఉన్న ఒకామె వైపు మొగ్గితే, సుప్రీంకోర్టు తాత, నాన్నమ్మలకు ఇచ్చింది. వయసు, ఆదాయం మాత్రమే కొలబద్దలు కావని వివరించింది. ఈ మూడింటిలోనూ పెద్దలందరూ పిల్లను ప్రేమించినవాళ్లే. మొదట్లోనే ఒక ఉత్తర్వు ఉండి ఉంటే ఆ పిల్లల చిన్నతనం కోర్టు మెట్ల మీద గడిచేది కాదేమోనని నాకు అనిపిస్తుంది.

ఇంకో విషయం. భర్త పోయిన తల్లి తన వీలునామాలో పిల్లలకు గార్డియన్ ఎవరుండాలో రాసుకోవచ్చు. 1956 చట్టంలోని 9వ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. జబ్బుతో ఉన్న ఒంటరి తల్లులు బంగారం ఎవరికో, పొలం ఎవరికో రాయిస్తారు గానీ పిల్లల మాట ఎత్తరు. ఎత్తితే చావు గురించి మాట్లాడినట్టని భయం. దయచేసి ఎత్తండి.

ఇక చట్టం మీద నా ఫిర్యాదు. గల్ఫ్‌కి వెళ్లే తల్లిదండ్రుల పిల్లలకు ఈ చట్టంలో సరిపడే ఏర్పాటు లేదు. రెండేళ్ల కాంట్రాక్టు మీద కువైట్ వెళ్తున్న తల్లి తన బిడ్డను అమ్మ దగ్గర వదులుతుంది. ఆమెకు దత్తత అక్కర్లేదు, పూర్తి గార్డియన్‌షిప్పూ అక్కర్లేదు. తను తిరిగొచ్చే వరకు బడి విషయాలు, వైద్యం, ప్రభుత్వ పథకాల దరఖాస్తులు అమ్మ చూసుకోవడానికి ఒక తేలికైన, చట్టం గుర్తించే కాగితం కావాలి. పవర్ ఆఫ్ అటార్నీ రాసిస్తే టీసీ తీసుకోవడంలాంటి కొన్ని పనులు జరుగుతాయి. కానీ దానితో అమ్మమ్మ గార్డియన్ అయిపోదు. ఆపరేషన్ బల్ల దగ్గర మళ్లీ అదే ప్రశ్న వస్తుంది. తహసీల్దారు ముందో, న్యాయ సేవాధికార సంస్థ దగ్గరో తల్లి, అమ్మమ్మ ఇద్దరూ సంతకం పెట్టి, గడువు రాసి, కావాలన్నప్పుడు తల్లే రద్దు చేసుకునే ఒక అప్పగింత పత్రం ఉంటే ఎంత బాగుంటుంది! వలస కార్మికుల డబ్బు కావాలనుకునే ప్రభుత్వాలు వాళ్ల పిల్లల గురించి ఈపాటి ఆలోచన చేయాలి. అప్పటివరకు కనీసం ఆ అమ్మమ్మల దగ్గర పిల్ల పుట్టినతేదీ సర్టిఫికెట్, తల్లిదండ్రుల ఆధార్ నకళ్లు, రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన సమ్మతి పత్రం ఉండేలా చూసుకోండి.

పెంచేవాళ్లకు డబ్బు ఇబ్బంది ఉంటే కేంద్రం మిషన్ వాత్సల్య కింద ఇచ్చే స్పాన్సర్‌షిప్ గురించి జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అడగండి. నెలకు 4,000 రూపాయలు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, మిగతాచోట్ల 96,000 దాటకూడదు. బంధువుల దగ్గర పెరుగుతున్న అనాథ పిల్లలకూ ఇది వర్తిస్తుంది.

లాయరు ఫీజుకి భయపడేవాళ్లకు ఒక మాట. 1987 నాటి న్యాయ సేవల చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. అంటే పిటిషన్ వేసే అమ్మమ్మైనా పిన్నైనా లక్షాధికారి అయినా సరే అర్హురాలే. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. తెల్లకాగితం మీద అర్జీ రాసివ్వొచ్చు, లేదా 15100కి ఫోన్ చేయొచ్చు. వెళ్లేటప్పుడు పిల్ల పుట్టినతేదీ సర్టిఫికెట్, చనిపోయినవాళ్లుంటే మరణ ధ్రువీకరణ పత్రం, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్ తీసుకెళ్లండి. తండ్రి గానీ తల్లి గానీ ఉంటే, కేసు వేసేముందు వాళ్లతో కూర్చుని మాట్లాడండి. ఎందుకు వేస్తున్నారో, వాళ్లు ఎప్పుడెప్పుడు పిల్లను చూడొచ్చో ముందే అనుకుని, అది కూడా పిటిషన్‌లో రాయించండి.